వంతెనకీ వంతెనకీ మధ్య

శిక్షణ ఆఖరి రోజు పొద్దున్నే నోయెమీ అర్బొలేదా తన ఇంటి మరుగుదొడ్డిలో సీసాడు చిలకపచ్చ రంగు పోసి, నీళ్లు వదిలి, ఆ పచ్చదనం గిర్రున తిరుగుతూ లోపలికి పోతుంటే ఫొటో తీసుకుంది. నడివయసు మనిషి, సాన్ బెర్నాబే మునిసిపాలిటీలో నదుల విభాగానికి పెద్ద, ఇలాంటి పనికి ఇంత సంబరమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. అనుకోనీ. కాసేపట్లో ఆ రంగు కొండ దిగి ఊరి చివర మురుగునీటి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అందరూ తొట్ల గట్టు మీద నిలబడి చూస్తారు. మేయరు వస్తాడు, బ్యాండు మోగుతుంది, శిక్షణ ముగించినవాళ్లకు పట్టాలిస్తారు. ఇన్నేళ్ల చాకిరీ కంటికి కనిపించే రోజు ఒక్కటైనా ఉండాలి కదా.

పక్కింట్లోంచి హిల్దార్దో గొంతు గోడ దాటి వచ్చింది. ఆయన రోడ్ల విభాగం ఇంజనీరు, శిక్షణలో తోటివాడు.

"పోశావా నోయెమీ?"

"పోశాను. నీ సంగతేంటి?"

"మా ఆవిడ తలుపు తియ్యట్లేదు. లోపల కూర్చుని పేపరు చదువుతోంది. మునిసిపాలిటీ పని అంటే మునిసిపాలిటీలోనే చేసుకో అంటోంది."

గ్వాయకాన్ కాలనీ అంతా ఆ పొద్దున ఇదే గోల. కాలనీ కట్టిందే మునిసిపాలిటీ ఉద్యోగుల కోసం. అందుకని శిక్షణకు వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. ఒకే సమయానికి ఇన్ని ఇళ్లలో రంగు పోసి నీళ్లు వదిలితే, కింద శుద్ధి కేంద్రంలో అది ఏరులా దిగుతుందని వాళ్ల ఆశ.

వారం రోజులుగా వాళ్లకు నదిని ఎలా చూసుకోవాలో నేర్పుతున్నది తెయోదొమీరో అనే పెద్దమనిషి. పసిఫిక్ తీరంవాడు, నల్లటి నలుపు, గది నిండే మనిషి. పేరు నోరు తిరగక అందరూ తెయో అనేశారు. ఈ ఊళ్లో కుర్చీ ఉన్న ప్రతివాళ్లూ డాక్టర్లే, చదివింది ఏదైనా సరే. ఆయన మాత్రం మొదటి రోజే, "ఇక్కడ రోగి ఒక్కటే, చిరిమా నది. డాక్టర్లు మరీ ఎక్కువైనట్టున్నారు, మనం పేర్లతో పిలుచుకుందాం" అన్నాడు. కొందరికి అది మింగుడు పడలేదు. నోయెమీకి నచ్చింది.

రెండో రోజు ఆయన అడిగాడు, "నీళ్ల నమూనాలు ఎక్కడ తీస్తారమ్మా?"

నోయెమీ లేచి గర్వంగానే చెప్పింది. పై వంతెన దగ్గర ఒకటి, కింది వంతెన దగ్గర ఒకటి. పైన నీళ్లు బాగుంటాయి, కింద ముక్కు మూసుకోవాలి. రెంటి మధ్య ఏటి ఒడ్డునున్నది ప్లాయిటా బస్తీ ఒక్కటే. కాబట్టి ఆ మురికి ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

"వంతెనల దగ్గరే ఎందుకు?"

"కారు అక్కడిదాకానే వెళ్తుంది" అన్నాడు హిల్దార్దో. గదంతా నవ్వింది. తెయో కూడా నవ్వాడు గానీ అందరికంటే ముందు ఆపేశాడు.

ప్లాయిటా గురించి నోయెమీకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. వెదురు దడులు, రేకు కప్పులు, ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలమ, ఎగువన పందుల దొడ్లు. అది అనుమతి లేని బస్తీ కాబట్టి కుళాయి లేదు. అందరూ ఆ చెలమ నీళ్లే తాగుతారు. పోయిన వానాకాలం అక్కడ బెర్సబే అనే ఆవిడ మనవరాలు నైరా వాంతులూ విరేచనాలతో చచ్చిపోయింది. రెండేళ్లు కూడా నిండని పిల్ల. ఆసుపత్రివాళ్లు నీళ్ల వల్ల అన్నారు. నోయెమీ బస్తీకి వెళ్లి, అందరూ చుట్టూ మూగి ఉండగా, ఆ ముసలమ్మ వాకిట్లోనే నిలబడి చెప్పింది: పందుల పెంట చెలమలోకి దిగింది, బిడ్డని తీసింది అదే, మీకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.

అన్నది మంచికే అనుకుంది. మిగతా పిల్లలైనా బతకాలని. నోయెమీ చెడ్డదైతే ఈ కథ సులువుగా తేలిపోయేది, కానీ చెడ్డది కాదు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చింది కూడా. అయితే ఆమె మాట విన్నవాళ్లలో ఆ పిల్ల తల్లి యామిలే కూడా ఉంది. బెర్సబే కూతురు. కర్మలు అవ్వగానే మూట కట్టుకుని కాలీ నగరానికి వెళ్లిపోయింది, వెళ్తూ, "నీ పందులే తిన్నాయి నా బిడ్డని" అని తల్లి మొహాన్నే అనేసి వెళ్లింది. ఏడాదైంది, ఒక్క మాట లేదు. బెర్సబే పందులన్నీ తెగనమ్మింది. నోయెమీ ఇచ్చిన నివేదిక మీద ప్లాయిటాని ఖాళీ చేయించే ఉత్తర్వు వచ్చినప్పుడు అందరూ తిరగబడితే, ఆవిడ ఒక్కతే తల వంచుకుని సరే అంది. ఆ ఖాళీ చేయించడం వచ్చే సోమవారమే.

శుద్ధి కేంద్రంలో ఎండ చుర్రుమంటోంది. వానలు వెనకబడి చాలా రోజులైంది. గట్టు మీద బల్ల వేసి, మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు, కారం పచ్చడి, బెల్లం నీళ్లు పెట్టారు. బడిపిల్లల బ్యాండు నీడ వెతుక్కుంటోంది. అందరి కళ్లూ మురుగు వచ్చి పడే పెద్ద గొట్టం మీదే ఉన్నాయి. అందులోంచి బూడిదరంగు నీళ్లు వస్తున్నాయి, వస్తూనే ఉన్నాయి.

"మన కాలనీ రంగు కదా, ఆఫీసు టైముకి ఎలా వస్తుంది? కాఫీ తాగి వస్తుంది" అన్నారెవరో.

నవ్వారు. ఎంపనాదాలు సగమయ్యాయి. మరో విడత కాఫీ వచ్చింది. తెయో గడియారం చూసుకున్నాడు, కొండవైపు చూశాడు, మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఇంకా కాసేపటికి నవ్వులు పలచబడ్డాయి. ఆయన హిల్దార్దో దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"మీ కాలనీ పైపు ఎటునుంచి వస్తుంది?"

"కొండ దిగి, లోయ దాటి, పెద్ద పైపులో కలుస్తుంది. ప్లాన్లో ఉంది."

"ప్లాన్లో ఉందా, లోయలో ఉందా?"

హిల్దార్దో చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. అప్పుడే నోయెమీ ఫోను మోగింది.

ఆ నంబరు ఆమె తనంతట తానే బోర్డు మీద రాయించింది. నదిని పాడుచేసేవాళ్లు కనిపిస్తే ఈ నంబరుకి చెప్పండి అని. బోర్డు కొట్టించింది ప్లాయిటాలో, బెర్సబే ఇంటి గోడకే.

"డాక్టరమ్మా, నేను బెర్సబేని. తప్పుగా అనుకోకండి, బోర్డు చూసి చేస్తున్నాను." వెనక పిల్లల కేకలు. "ఏట్లో ఎవరో మందు కలిపారమ్మా. నీళ్లు చిలకపచ్చగా వస్తున్నాయి. చెలమ కూడా పచ్చగా అయిపోయింది. మా పిల్లలు పొద్దున్నించీ ఏట్లోనే ఉన్నారు, ఒళ్లంతా పచ్చ. విషమా అమ్మా? ఆసుపత్రికి తీసుకెళ్లమంటారా?"

నోయెమీ గొట్టంలోంచి పడుతున్న బూడిదరంగు నీళ్లవైపు చూసింది. తెయో ఆమె మొహం చూసి ఫోను అందుకుని, సంగతి విని, అది విషం కాదని, రంగేనని, పిల్లలకేం కాదని, చెలమ నీళ్లు మాత్రం ఎవరూ తాగొద్దని, వస్తున్నామని చెప్పాడు. నోయెమీ, తెయో, హిల్దార్దో ముగ్గురూ కారెక్కారు. కింది వంతెన దగ్గర కారు ఆగింది, ఎప్పుడూ ఆగే చోటే. అక్కణ్ణించి నడక.

వంతెన మీంచే కనిపించింది. ఇన్నేళ్లుగా ఆమె తాడు కట్టిన డబ్బా దించి నమూనా తీసిన చోటే, పొద్దున తన మరుగుదొడ్డిలో చూసిన రంగు ఏటి మధ్యలో పారుతోంది. అంత అందమైన పచ్చ ఆ ఏట్లో ఎప్పుడూ పారి ఉండదు. నోయెమీ కమ్మీ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి తన చెయ్యి కాదనిపించింది.

ఒడ్డున బస్తీ అంతా నిలబడి ఉంది. పిల్లల్ని తల్లులు తువ్వాళ్లతో తుడుస్తున్నారు. ఎవరినీ పలకరించకుండా ఆ ముగ్గురూ ఎగువకి నడిచారు. పాడుబడ్డ పందుల దొడ్లు దాటారు. వాటి వెనక వెదురు పొద, దాని వెనక నిటారు గట్టు. ఇటు నోయెమీ ఎప్పుడూ రాలేదు. ఎందుకు వస్తుంది, కంపుకి కారణం దొడ్ల దగ్గరే దొరికిపోయాక? తెయో పొదని చేతులతో విరుచుకుంటూ ముందు వెళ్లాడు. మొహాలు గీరుకుపోయాయి. అవతల గట్టులోంచి మనిషి దూరేంత సిమెంటు పైపు బయటికి వచ్చి ఉంది. దాని మీద నీలిరంగుతో వాననీరు అని రాసి ఉంది.

వాన చుక్క లేని ఆ రోజుల్లో, ఆ వాననీటి పైపులోంచి చిక్కటి ఆకుపచ్చ మురుగు ధారగా పడుతోంది. కంపుకి ముగ్గురూ ముక్కులు మూసుకున్నారు. ధారలో కొట్టుకొచ్చిన కాగితాలు కింద రాళ్లకి అట్టగా అంటుకుని ఉన్నాయి. ఏళ్లతరబడి అంటుకున్న అట్ట.

నోయెమీ చూస్తూనే ఉంది. ఆ ధారలో తన ఇల్లు ఉంది. తన స్నానం, తన వంటగిన్నెలు, తన పొద్దుటి సంబరం ఉన్నాయి. తను నది కోసం ఇంత ఊరితో పోట్లాడి ఇంటికి వెళ్లి చేతులు కడుక్కున్న ప్రతిసారీ ఆ నీళ్లు ఇటే వచ్చాయి.

హిల్దార్దో రాయి మీద కూలబడ్డాడు.

"ప్రారంభోత్సవం" అన్నాడు.

"ఏంటి?"

"కాలనీ ప్రారంభోత్సవం, నోయెమీ. డిసెంబరు ఆఖరున. అప్పటి మేయరుకి పదవి అయిపోతోంది, ఎలాగైనా రిబ్బను తనే కత్తిరించాలని పట్టు. ఇళ్లు తయారు, నేను వేయిస్తున్న లోయ పైపు మాత్రం తయారు కాలేదు. బిషప్పు వచ్చేశాడు. మరుగుదొడ్లు పని చెయ్యకపోతే పరువు పోతుందని ఆ ఒక్క రోజుకి వానపైపుకి కలిపాం. పండగలయ్యాక మార్చేద్దామనుకున్నాం." అతను మొహం తుడుచుకున్నాడు. "కొత్త మేయరు వచ్చి నన్ను రోడ్లకి వేశాడు. కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. ప్రారంభమైపోయింది కాబట్టి అయిపోయినట్టే అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. ఒట్టు, మర్చేపోయాను."

"ఎన్నేళ్లు" అంది నోయెమీ.

"నీకు తెలుసు కదా. ఆ రోజు నువ్వూ ఉన్నావు. కాల్చిన పంది మాంసం వడ్డించారు, ఇద్దరం డాన్సు కూడా చేశాం."

తెయో ఇద్దరినీ చూశాడు. తిడతాడనుకుంది నోయెమీ, తిడితే బాగుండుననుకుంది. ఆయన చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "చాలా ఊళ్లలో చేయించానమ్మా ఇది. రంగు ఎప్పుడూ శుద్ధి కేంద్రానికే వచ్చేది. అందుకే సంబరంగా ఉంటుందని ఆఖరి రోజుకి పెట్టాను" అన్నాడు.

మేయరు నోయెమీకి ఫోను చేశాడు. సంగతి అప్పటికే ఎవరో చేరవేశారు. ఆయన గొంతులో కంగారు కంటే విసుగే ఎక్కువ.

"రంగు వల్ల ప్రమాదం లేదని చెప్పి జనాన్ని ఇళ్లకి పంపించెయ్యండి డాక్టరమ్మా. పైపు సంగతి మన ఇంటి విషయం, మనం చూసుకుందాం. సోమవారం పని సోమవారం జరుగుతుంది, ఆ తర్వాత అక్కడ చూసేవాడు ఎవడూ ఉండడు. త్వరగా రండి, బ్యాండు పిల్లలు ఎండలో ఉన్నారు, మీ పట్టా నా చేతిలో ఉంది."

సాయంత్రానికి రంగు కొట్టుకుపోతుంది. సోమవారానికి బస్తీ ఉండదు. బస్తీవాళ్లకి ఇవ్వబోయే కొత్త ఇళ్లలో బెర్సబేకి మంచి గది, కింది అంతస్తులో, ఇప్పించవచ్చు. ముసలమ్మకి ఈ వయసులో పాత గాయం ఎందుకు కెలకడం? ఈ ఆలోచనలన్నీ నోయెమీకి వచ్చాయి. రాలేదని చెబితే అబద్ధం. ఎంత నెమ్మదిగా, ఎంత దయగల వేషంలో వచ్చాయో చూసి ఆమెకే ఒళ్లు జలదరించింది. "రాను సార్. సోమవారం ఏదీ జరగదు, నా నివేదిక తప్పని రాసిస్తాను" అని ఫోను పెట్టేసింది.

దిగువన బెర్సబే తన వాకిట్లో బకెట్టు ముందు కూర్చుని ఉంది. బకెట్లో చెలమ నీళ్లు, లేత ఆకుపచ్చగా. ఆవిడ లేచి నిలబడి, అలవాటు కొద్దీ చేతులు తుడుచుకుంది.

"కాఫీ పెడదామంటే నీళ్లు లేవమ్మా" అంది.

"వద్దు బెర్సబేమ్మా. మీతో ఒక మాట చెప్పాలి. కూర్చోండి."

"ఫరవాలేదు, చెప్పండి. సోమవారం కాదా? రేపే వెళ్లమంటున్నారా?"

"అది కాదు." నోయెమీకి ఏడాది కిందట ఇదే వాకిట్లో మాటలు ఎంత సులువుగా వచ్చాయో గుర్తొచ్చింది. "ఆ రంగు మేమే పోశాం. మా ఇళ్లలో. అది ఇటు వస్తుందని మాకు తెలియదు. మా కాలనీ మురుగంతా ఆ వెదుళ్ల వెనకనించి మీ ఏట్లోకే వస్తోంది. ఇన్నేళ్లుగా."

బెర్సబే ఆమె పెదవులవంక చూస్తూ ఉంది, చెవులు వినపడనివాళ్లు చూసినట్టు.

"అయితే నా పందులు?"

"పందులది ఉన్నా ఎంత ఉంటుంది, బెర్సబేమ్మా. మీ చెలమలో ఉన్నది మాదే."

"నైరా..."

"మా వల్లే" అంది నోయెమీ.

శాపనార్థాలు పెడుతుందని, బకెట్టు ఎత్తి మొహాన కొడుతుందని ఎదురుచూసింది. అలా జరిగితే ఊపిరాడేది. బెర్సబే కూర్చుంది, అంతే. మామూలు గొంతుతో మాట్లాడింది.

"పందుల్ని అమ్మేశాక కూడా కంపు పోలేదని మీకు చెప్పాను కదా డాక్టరమ్మా."

"చెప్పారు."

"మట్టిలో ఇంకిపోయింది, పోవడానికి టైం పడుతుందన్నారు."

"అన్నాను."

"నేను ఆ మట్టి కూడా తవ్విపోశాను. దొడ్డంతా మోకాటిలోతు తవ్వి, బుట్టలతో మోసి, పైన రోడ్డు మీద పోసొచ్చాను. ఒక్కదాన్నే. ఇంకా కంపు కొడుతూనే ఉంది. ఇంకెంత తవ్వాలో తెలియలేదు." ఆవిడ తన చేతులు తిప్పి చూసుకుంది. "రాత్రుళ్లు ఆ పిల్లని అడిగేదాన్ని, ఎంతవరకు తవ్వనమ్మా అని."

నోయెమీ ఆవిడ ముందు నేల మీద కూర్చుంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది, కానీ ఆ మాట ఆ వాకిట్లో మరీ చిన్నదిగా కనిపించి అనలేకపోయింది. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే దగ్గరకొచ్చి నిలబడ్డారు.

బెర్సబే రవిక లోపలినించి పాత ఫోను తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని నొక్కి, నోయెమీకి అందించింది.

"యామిలే. మీరే చెప్పండి."

"మీరు మాట్లాడితే..."

"నేను చెబితే నమ్మదు. ఆ రోజు మీరు చెప్పిందే నమ్మింది."

ఫోను మోగుతూనే ఉంది. కట్టైంది. బెర్సబే మళ్లీ నొక్కింది. మళ్లీ మోగింది. ఈసారి ఎత్తారు. వెనక కుట్టుమిషన్ల రొద, దాని మీంచి చిన్నవయసు గొంతు, ముందే అలిసిపోయిన గొంతు.

"ఏం కావాలి నీకు?"

"యామిలే, మీ అమ్మ కాదు. నేను నోయెమీని, మునిసిపాలిటీ నుంచి. ఆ రోజు మీ వాకిట్లో మాట్లాడినదాన్ని." అవతల మిషన్ల రొద దూరమైంది, తలుపు మూసుకున్నట్టుంది. నోయెమీ చెప్పింది. పైపు సంగతి, రంగు సంగతి, కాలనీ సంగతి, ఎక్కడా ఆగకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. "మీ అమ్మ పందులు కాదమ్మా. మా ఇళ్లు. నేను తప్పు చెప్పాను."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"మా అమ్మ పక్కనే ఉందా?" అంది యామిలే.

"ఉంది."

"ఆ రోజు ఉన్నవాళ్లు? బస్తీవాళ్లు?"

నోయెమీ తలెత్తి చూసింది. "ఉన్నారు. అందరూ ఉన్నారు."

"అయితే మళ్లీ చెప్పండి. ఆ రోజు చెప్పినంత గట్టిగా."

నోయెమీ ఫోను చెవి దగ్గర పెట్టుకునే లేచి నిలబడింది, మళ్లీ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది.